ఆవగింజంత స్క్రూ, ఉబ్బుతున్న చెయ్యి

శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలో, నలభై ఒక్క ఏళ్లు గడియారాలు బాగుచేశాను. అన్నేళ్లలో నా గుండె అన్నిటికంటే వేగంగా కొట్టుకున్నది ఎప్పుడని అడిగితే తడుముకోకుండా చెబుతాను. గోడ గడియారం ముందు కాదు, పాతకాలపు జేబు గడియారం ముందు కాదు. ఒక ఆసుపత్రి మంచం పక్కన, ఒక ఆడమనిషి మణికట్టు మీద ఉన్న ఆవగింజంత స్క్రూ ముందు.

దుకాణం మూసేయడానికి ముందు ఏడాది సంగతి ఇది. ఉదయం పదకొండు గంటలప్పుడు వెనక వీధిలోని ఎముకల ఆసుపత్రి నుంచి కాంపౌండరు సూర్యం పరుగెత్తుకొచ్చాడు.

"బాబుగోరూ, బేగి రండి! అరసవల్లి ఎల్దామని వచ్చిన ఒకావిడ బస్సు దిగతా పడిపోనాది. మణికట్టు ఇరిగిపోనాది. సేతికి ఇనప గొలుసు వాచీ ఉన్నాది, ఊడి రావట్నేదు. సెయ్యి ఉబ్బిపోతన్నాది. ఏళ్లు నీలంగా తిరిగిపోతన్నాయి!"

"కత్తిరించలేకపోయారా?"

"ఉంగరాలు కోసే కత్తెరేసినాం. గొలుసు మీద గీత పడ్డాది గానీ తెగనేదు. డాక్టరుగోరు ఇనుము కోసే గ్రైండరు తెమ్మని మనిషిని పంపీసినారు. ఇరిగిన సేతి మీద గ్రైండరేటి బాబూ, ఎముక అదిరిపోదేటి?"

నేను సంచీ తీసుకుని లేచాను. గొలుసు ఊడకపోతే ఆమె వేళ్లకు రక్తం అందదు. ఇంకెంతసేపు ఆగవచ్చో డాక్టరుకే తెలియదు. అక్కడేం జరిగిందో చెప్పే ముందు ఆ సంచీలో ఏముందో, అందులోని ఒక్కొక్కటీ నా చేతికెలా వచ్చిందో చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను కనుక నా తప్పులు కూడా దాచను.

ఎత్తు బల్ల

మా ముత్తాతగారి కాలంలో వంశధార ఒడ్డున పదకొండు ఊళ్ల శిస్తు మా ఇంటికి వచ్చేది. నేను పుట్టేనాటికి ఊళ్లు పోయాయి. నేను బడి దాటేనాటికి భూములూ పోయాయి. ఇంటిపేరు మిగిలింది, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు మిగిలింది. "ఆ ఇంటి పిల్లాడు గడియారాల కొట్టులో కూర్చోవడమేమిటి" అని బంధువులు నొచ్చుకున్నారు. వాళ్లకు నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. చేతిపని తెలిసినవాడికి ఇంకొకరి ముందు చెయ్యి చాపే అవసరం రాదు. మా వంశానికి అంతకంటే తగిన పని ఏముంటుంది?

పని నేర్పింది విజయనగరంలో శామ్యూల్ మాస్టారు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో పాటలు పాడించేవారు, మిగతా ఆరు రోజులూ గడియారాలు విప్పేవారు. మొదటి రోజు నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి, "వంగు బాబూ. స్క్రూ నీ దగ్గరికి రాదు, నువ్వే దాని దగ్గరికెల్లాల" అన్నారు.

"నేను వంగనండి."

"ఏటీ?"

"వెన్ను వంచి కూర్చోవడం మా ఇంట లేదు."

కొట్టులో ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మర్నాడు వెళ్లేసరికి నా బల్ల కాళ్ల కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. బల్ల నా ఛాతీ దాకా వచ్చింది.

"నువ్వు వంగొద్దు. బల్లనే లేపీసినాను. సెయ్యి గానీ వణికిందో, ఆ ఇటుకలు తీసి నీ నెత్తిన పెడతాను" అన్నారు.

వారం తిరక్కుండా మాస్టారు తన బల్ల కింద కూడా ఇటుకలు పెట్టించారు! మోచేతులు రెండూ బల్ల మీద ఆనితే వేళ్లకు వణుకు రాదు, పని కంటికి దగ్గరగా వస్తుంది, మెడ నొప్పి ఉండదు. కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లు స్క్రూడ్రైవర్లు కొనేముందు బల్ల ఎత్తు చూసుకోండి. నా చెయ్యి ఈనాటికీ నిలకడగా ఉందంటే ఆ ఇటుకల పుణ్యమే.

తాళం ఉన్న తలుపు

సొంత కొట్టు పెట్టిన కొత్తలో మా ప్రాంతానికి వచ్చే వాచీ గొలుసులన్నీ పిన్నులవే. గొలుసును చెక్కదిమ్మ మీద పెట్టి, లోపలి వైపు చెక్కిన బాణం గుర్తు చూపే దిక్కుకు పిన్నును కొడితే లంకె ఊడుతుంది. అటువంటి రోజుల్లో సోంపేట వైపు నుంచి దుర్యోధన అనే రిగ్గరు వచ్చాడు. గల్ఫులో చమురు పైపులు ఎత్తి బిగించే పని చేసి వచ్చిన మనిషి, బరువైన స్టీలు వాచీ తెచ్చాడు. రెండు లంకెలు తీయాలన్నాడు. లంకె అంచున నున్నటి చుక్క కనిపించింది. పిన్ననుకుని కొట్టాను. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను. మూడో దెబ్బకు లంకె చెవి వంగిపోయింది. అప్పుడు గొలుసు తిప్పి చూస్తే, రెండో అంచున సన్నటి గాడితో స్క్రూ తల ఉంది.

దుర్యోధన వాచీ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"బాబుగోరూ, తాళం ఉన్న తలుపుని తన్ని బద్దలు కొట్టీసినారేటి?"

"తాళం కనిపించలేదు."

"ఎనక్కి తిప్పి సూస్తే కనిపించదేటి? నట్టు ఎటున్నాదో సూడకుండా సుత్తి ఎత్తితే మా ఫోర్‌మేను ఈపు మోగించీసేవోడు."

తల వంచలేదు గానీ, తప్పు నాదేనని నిలబడి చెప్పాను. స్టీలు ముక్క అరగదీసి కొత్త లంకె చేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ దుర్యోధన కొట్టులోనే కూర్చుని, తుప్పు పట్టిన బోల్టుల కథలు చెప్పాడు. అందులో ఒకటి బంగారం లాంటిది.

"బిగిసిపోయిన బోల్టుని ముందు ఇప్పకూడదు బాబూ. ఇంకొక్క రవ్వ బిగించాల. అది పట్టు ఒగ్గీసినాక అప్పుడు ఇప్పాల."

రిగ్గరు మాట గడియారాల పనికి ఎందుకులే అని చెవిన పెట్టలేదు. ఆరునెలల తర్వాత, ఎంతకీ రాని స్క్రూ ఒకటి ఎదురైనప్పుడు, ఎవరూ చూడకుండా ప్రయత్నించాను. వచ్చేసింది! కొట్టులో ఒక్కణ్నే ఉన్నాను, అయినా చప్పట్లు కొట్టాను.

స్క్రూ ఎందుకు మొరాయిస్తుంది

స్క్రూ బిగుసుకోవడానికి కారణాలు మూడు. మన తీర ప్రాంతంలో మొదటిది చెమటా ఉప్పుగాలీ. లోపల తుప్పూ మట్టీ చేరి సిమెంటులా పట్టేస్తాయి. దీనికి నూనె కావాలి, ఓపిక కావాలి. తుప్పు వదిలించే పలచటి నూనె రెండు చుక్కలు వేసి ఒక పూట వదిలేయండి. పాత టూత్‌బ్రష్‌తో గాడి శుభ్రం చేయండి. గాడిలో మట్టి ఉంటే స్క్రూడ్రైవరు బ్లేడు అడుగుదాకా దిగదు, దిగకపోతే జారుతుంది, జారితే గొలుసు మీద గీత పడుతుంది. ఆ గీతను మీరు దాచగలరేమో, దాన్ని రోజూ చేతికి పెట్టుకునేవాడి కంటికి మాత్రం దాగదు.

రెండోది కంపెనీవాళ్లు మరలకు పూసే జిగురు. దీనికి నూనె పోస్తే ఏమీ కాదు. వేడే మందు. సన్నటి సోల్డరింగు కడ్డీ మొనను స్క్రూ తలకు ఆనించి పది లెక్కపెట్టండి. జిగురు మెత్తబడుతుంది. చల్లారకముందే తిప్పాలి. జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఊదితే చాలని వీడియోల్లో చూపిస్తున్నారు. దానితో గొలుసంతా వేడెక్కి మీ వేళ్లు కాలతాయి గానీ స్క్రూకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

మూడోది మనకంటే ముందు చెయ్యి పెట్టిన మనిషి. గాడి చెడగొట్టి, అడ్డంగా బిగించి, "మీరే చూడండి సార్" అని తెచ్చేవాళ్లు. వీళ్లను తిట్టకండి. వాళ్లలో సగం మంది పని తెలిసినవాళ్లే, బ్లేడు సరిపోని డ్రైవరుతో తొందరపడ్డారంతే.

ఇక బ్లేడు. దీని గురించి నేను రోజంతా మాట్లాడగలను! బ్లేడు వెడల్పు గాడి పొడవుకు సరిపోవాలి. మందం గాడిని నింపాలి. ఉలి మొనలా ఏటవాలుగా ఉన్న బ్లేడును తిప్పితే గాడిలోంచి పైకి లేస్తుంది. అందుకే కొన్న బ్లేడును అలాగే వాడకండి. సానరాయి మీద రెండు ముఖాలూ సమానంగా, చివరి అంచు వరకు ఒకే మందం వచ్చేలా అరగదీయండి. గాడిలో పెట్టి చెయ్యి వదిలేస్తే డ్రైవరు దానంతటదే నిలబడాలి. అలా నిలబడిన రోజున మీకు పని వచ్చినట్టు. బలంలో మూడు పాళ్లు కిందికి నొక్కడానికి, ఒక పాలు తిప్పడానికి. గొలుసును చేత్తో పట్టుకోకండి, గాడి కోసిన చెక్కదిమ్మలో నిలబెట్టండి. రెండు వైపులా తలలున్న స్క్రూలకు రెండు డ్రైవర్లు కావాలి. ఒకటి కదలకుండా పట్టుకుంటుంది, ఒకటి తిప్పుతుంది.

ఆ రోజు సంచీలో ఉన్నవి ఇవే. నేను సానపట్టిన నాలుగు డ్రైవర్లు, సోల్డరింగు కడ్డీ, మూతికి తోలు చుట్టిన పటకారు, నూనె బుడ్డి, కంటి భూతద్దం.

నేను చేసిన తప్పు

ఆమె పేరు చిట్టెమ్మ. పలాసలో జీడి కార్ఖానాలో, పప్పు విరగకుండా గుండుగా, అంటే నిండు గింజగా ఒలిచే పని. యాభై దాటిన మనిషి, పళ్లు బిగబట్టి కళ్లు మూసుకుని పడుకుంది. నొప్పికి ఇంజెక్షను ఇచ్చామని నర్సు చెప్పింది. చేతికింద దిండు. గొలుసుకు రెండు వైపులా కండ పొంగి ఉంది. గొలుసు తాళం ఆమె పడ్డప్పుడు మెట్టు అంచుకు నలిగి, రేకు ముద్దయిపోయింది.

మీకు వచ్చే అనుమానం నాకూ వచ్చింది. వాచీకీ గొలుసుకూ మధ్య ఉండే స్ప్రింగు పుల్ల నొక్కేస్తే సరిపోదా? సరిపోతుంది, అది వాచీ కింద నుంచి అందితే. అక్కడ మాంసం పొంగి సూది మొన దూరే చోటు లేదు. మిగిలింది గొలుసు అంచున, మణికట్టు పక్కన, ఇంకా కాస్త సందున్న చోట ఉన్న లంకె స్క్రూ ఒక్కటే.

"ఎంతసేపు పడుతుంది?" అన్నారు డాక్టరు.

"అది స్క్రూ చెప్పాలండి."

"గ్రైండరు దారిలో ఉంది. అది వచ్చేదాకా ప్రయత్నించండి."

బ్లేడు గాడిలో చక్కగా కూర్చుంది. సూర్యం పటకారుతో లంకెను పట్టి, నేను నొక్కే బలం ఎముకకు చేరకుండా ఎదురు నొక్కాడు. తిప్పాను. స్క్రూ వెంట్రుకవాసి కదిలి, రబ్బరులా వెనక్కి వచ్చేసింది. తుప్పు అలా వెనక్కి రాదు. జిగురే! అనుకున్నాను. తడి గుడ్డ మడత గొలుసు కిందికి దూర్చి, కడ్డీ వేడిచేసి, స్క్రూ తలకు ఆనించి పది లెక్కపెట్టాను.

నల్లటి పొగ సన్నగా లేచింది. ఘాటుగా కళ్లలోకి కొట్టింది. నర్సు దగ్గుతూ వెనక్కి జరిగింది. అది నాకు తెలిసిన జిగురు వాసన కాదు. తిప్పి చూశాను. ఇందాకటి వెంట్రుకవాసి కదలిక కూడా ఇప్పుడు లేదు. వేడితో మెత్తబడాల్సింది ఇంకా బిగుసుకుంది!

చిట్టెమ్మ కళ్లు తెరిచింది.

"జీడినూనె కంపొస్తన్నాది. ఏటి సేస్తన్నావు బాబూ?"

"జీడినూనె ఎక్కడిది?"

"గొలుసు మరలు మాటిమాటికీ ఊడి రాలిపోతంటే నానే పూసినాను. పడవ కన్నాలకి పూస్తే నీరు రాదు గదా, మరకి పూస్తే ఊడదనీసి."

జీడి గింజ పైపెంకులోంచి వచ్చే నల్లటి నూనె అది. చర్మానికి తగిలితే పుండు చేస్తుంది, ఆరితే గట్టిపడుతుంది. దాన్ని వాచీ మరలకు పూయాలని మా పలాస మనిషికి తప్ప ఈ లోకంలో ఎవరికీ తోచదు.

"ముందే చెప్పొద్దూ, అమ్మా!"

"బాగున్నాది! నువ్వడిగితే గదా సెప్పడానికి. వచ్చినావు, వాచీని సూసినావు. నా మొకమేటైనా సూసినావా?"

సూర్యం కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు. ఆమె అన్నది నిజం. గడియారానికి ఏం జబ్బో గడియారమే చెబుతుంది, దాని యజమానిని అడగడం నా స్థాయికి తగదని అన్నేళ్లూ నమ్మాను. వెన్ను నిటారుగా ఉంచుకోవడానికి ఇటుకలు పెట్టించుకోవచ్చు. నోరు తెరిచి అడగకపోవడానికి ఏ సమర్థనా లేదు. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. పనిముట్టు ముట్టుకునే ముందు, ఆ వస్తువు పెట్టుకున్న మనిషిని అడగండి. ఏం చేశారు, ఏం పూశారు, ఎప్పుడు?

కింద మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. గ్రైండరు వచ్చింది.

సగం కాలిన జీడి

నేను మంచం పక్కన స్టూలు లాక్కుని, ఆమె ముఖం కనిపించేలా కూర్చున్నాను.

"అమ్మా, కార్ఖానాలో పెనాలకు పట్టిన జీడినూనెను ఎలా వదిలిస్తారు?"

"సగం కాలిందైతే బంక. దాని దుంప తెగ, గునపమెట్టినా వదల్దు. అందుకే ఆపకుండా కాల్చీయాల. బాగా కాలి బొగ్గయినాక సల్ల నీళ్లు కొడితే పెంకులాగ పగిలిపోద్ది." ఊపిరి తీసుకుంది. "నువ్వు సగంలో ఆపీసినావు బాబూ."

ఇన్నేళ్లలో ఏ కంపెనీ పుస్తకంలోనూ చదవని మాట అది.

"ఇంకా వేడి చేయాలంటే నీ చెయ్యి కాలొచ్చు."

"కాల్తే పుండవుద్ది, మాన్తాది. జీడితో పుండ్లు నాకు కొత్తేటి? ఏళ్లు పోతే ఏటెట్టి వొలుస్తాను? కాల్చు."

డాక్టరు వైపు చూశాను. ఆయన ఆమె వేళ్ల గోళ్లను నొక్కి చూసి, గ్రైండరు తెచ్చిన మనిషిని గుమ్మం దగ్గరే ఆగమన్నారు. "ఇంకొక్కసారి, అంతే" అన్నారు.

గొంతు పరీక్షించే చెక్క పుల్లను నర్సు సన్నగా చీల్చి, తడి గుడ్డ మడత మీద నుంచి గొలుసు కిందికి దూర్చింది. ఒక గిన్నెలో మంచు ముక్కలు తెప్పించాను. పంకా పొగను కిటికీ వైపు తోసేలా తిప్పారు. కడ్డీ స్క్రూ తల మీద పెట్టాను. పది. ఇరవై. పొగ నల్లగా లేచింది. నా కళ్ల నుంచి నీళ్లు కారి భూతద్దం మసకబారింది. సూర్యం తన భుజానికి ముఖం తుడుచుకుంటున్నాడు గానీ పటకారు కదల్చలేదు. ముప్పై. చిట్టెమ్మ రెండో చెయ్యి దుప్పటిని గుప్పిట పట్టింది.

"ఆపమంటావా?"

"పొగ తెల్లబడ్డాదేటి?"

చూశాను. "లేదు, నల్లగానే ఉంది."

"అయితే ఆపకు."

మరో పది లెక్కపెట్టేసరికి పొగ పలచబడి తెల్లగా మారింది. "సాలు! నీళ్లు!" అని అరిచింది. నర్సు మంచునీళ్లలో ముంచిన దూదిని స్క్రూ మీద అద్దింది. చుయ్ మంది. నేను డ్రైవరు నిలబెట్టాను. విప్పే వైపు కాదు, ముందు బిగించే వైపు ఒక్క రవ్వ తిప్పాను. అరచేతిలో ఎండుటాకు నలిగినట్టు చిన్న కదలిక తెలిసింది. చప్పుడు ఎవరికీ వినిపించి ఉండదు. నా వేళ్లకు మాత్రం వినిపించింది.

"పగిలింది!" అని నేనే అరిచాను. నా జీవితంలో ఒక ఆసుపత్రిలో గొంతెత్తి అరిచింది ఆ ఒక్కసారే. ఎడమకు తిప్పాను. వచ్చింది. పావు చుట్టు, సగం చుట్టు, మూడు చుట్లు. నల్లటి పొడి రాలుతూ స్క్రూ బయటికి వచ్చి దుప్పటి మీద పడింది. లంకెను పక్కకు జరిపాను. గొలుసు విడిపోయింది. నర్సు రెండు చేతులతో వాచీని మెల్లగా తీసేసింది. గొలుసు ఉన్నచోట చర్మం మీద లంకెల అచ్చు వరసగా పడి ఉంది. చెక్క పుల్ల దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. అంతే.

అందరం ఆమె వేళ్లనే చూస్తున్నాం. డాక్టరు గోరు నొక్కి వదిలారు. తెల్లబడింది. అలాగే ఉండిపోయింది. మళ్లీ నొక్కి వదిలారు. ఈసారి గోరు కింద నుంచి మెల్లగా ఎరుపు పాకింది. ఒక వేలు, తర్వాత ఇంకొకటి.

"వేళ్లు ఆడించమ్మా" అన్నారు.

చిటికెన వేలు వణికింది. మధ్య వేలు కదిలింది. నొప్పికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది, అయినా ఆపలేదు. బొటనవేలునూ చూపుడు వేలునూ దగ్గరికి తెచ్చి, వాటి మధ్య మాకెవరికీ కనిపించని జీడిగింజ ఉన్నట్టు మెల్లగా నలిపింది. పొట్టు తీసినట్టు ఒకసారి వేళ్లు జార్చింది. ఆ రెండు వేళ్లనూ నా ముఖం ముందుకు ఎత్తి పట్టుకుంది.

"పప్పు ఇరగనేదు బాబూ. గుండుగానే వచ్చినాది."